సిస్టర్లు తగ్గిపోతే బడి ఆగిపోవాలా?

మా కాన్వెంట్‌లో సిస్టర్లు బాగా తగ్గిపోయారు. నేను చదువుకునే రోజుల్లో లెక్కలు చెప్పేదీ, హాస్టల్ చూసేదీ, ఆఖరికి బియ్యం బస్తాలు దగ్గరుండి దింపించేదీ సిస్టర్లే. ఇప్పుడు టీచర్లలో ఎక్కువమందిమి సంసారాలున్నవాళ్లం, అందరం కథోలికులం కూడా కాదు. మొన్న ఒక తండ్రి అడిగేశారు, "సిస్టర్లే లేకపోతే ఇంకేం కాన్వెంటండీ ఇది?" అని.

మా సిస్టర్ల సభ, అంటే వాళ్ల సన్యాసినుల సంఘం, ఎలా పుట్టిందో తెలిస్తే ఆయన అలా అడగరేమో. ఇటలీలో లోవెరే అనే ఊళ్లో పునీత బార్తొలోమెయా కపితానియో 1832 నవంబరులో దీన్ని మొదలుపెట్టారు, ఆడపిల్లల చదువంటే ఆవిడకి ప్రాణం. ఎనిమిది నెలలకే, 26 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మిగిలింది ఆవిడతో కలిసి మొదలుపెట్టిన వించెంజా జెరోసా గారు, తోలు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి, 50కి దగ్గరపడ్డారు. ఆవిడే భారమంతా ఎత్తుకున్నారు. 1860లో నలుగురు సిస్టర్లు బెంగాల్‌లో కృష్ణనగర్‌కి వచ్చేనాటికి జెరోసా గారు కూడా లేరు. అంటే మొదటి ఏడాది నుంచీ ఈ సభ నడిచింది, మొదలుపెట్టినవాళ్లు పోయాక వెనక్కి తగ్గనివాళ్ల వల్లే. ఇప్పుడు ఆ వంతు మాది.

అయితే ఏం నిలబెట్టాలి? గోడ మీద సిలువ, పొద్దున ప్రార్థన ఉండాల్సిందే. ఇంగ్లీష్ మీడియం మాత్రం ఇప్పుడు ప్రతి సందులోనూ దొరుకుతోంది, ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టి పోటీకి దిగడం మన పని కాదని నా గట్టి అభిప్రాయం.

మా హాస్టల్లో కొందరు పిల్లల తల్లులు కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తున్నారు, కోనసీమలో ఇది కొత్తేం కాదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకమ్మాయి ఉంది, అమ్మ ఫోన్ చేస్తానన్న రోజు పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కదు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, తల్లికి పని తెమిలేసరికి మనకి రాత్రి పది దాటుతుంది. పెద్ద సిస్టర్ గారు తన ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని, నిద్ర ఆపుకుని కూర్చుంటారు, వాట్సాప్ కాల్ రాగానే పిల్ల చేతికిచ్చి వరండాలోకి వెళ్లిపోతారు. మర్నాడు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వదిలేసిన లెక్కలన్నీ చేయిస్తారు. కపితానియో గారి పని ఇదేనని నాకనిపిస్తుంది, ఏ ట్రైనింగులోనూ ఇది నాకు నేర్పలేదు.

వరదలప్పుడు కాజ్‌వే మునిగి లంక పిల్లలు పడవ మీద వస్తే మొదటి పీరియడ్ ఆలస్యం లెక్కలోకి తీసుకోం. ఆ పద్ధతి పెట్టింది కూడా మా పెద్ద సిస్టర్ గారే.

ఆవిడకి వయసు మీద పడుతోంది. అందుకే పాత విద్యార్థినులని అడుగుతున్నాను. కొత్త బిల్డింగుకి చందాలు తర్వాత చూద్దాం, సాయంత్రం స్టడీ అవర్‌లో పిల్లల పక్కన కూర్చునే మనుషులు కావాలి. దగ్గర్లో ఉన్నవాళ్లు వారానికి ఒక్క సాయంత్రం రండి, ఆవిడ ఉండగానే ఆవిడ దగ్గర నేర్చుకుందాం.