ఆనపకీ అనపకీ మధ్య ఒక దీర్ఘం

మే మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే, లైటు కింద వరసగా పెట్టిన పెరుగు డబ్బాల్లో నాలుగింటిలో చిక్కుడు మొలకలున్నాయి. మూడేసి ఆకులు, అప్పుడే తీగ సాగడం మొదలైంది. పక్కన గుచ్చిన ఐస్‌క్రీం పుల్లల మీద మాత్రం మా అమ్మాయి రాతలో గుండ్రంగా "ఆనప" అని ఉంది. ఆనప గింజ పెడితే చిక్కుడు మొలవడమేంటి?

మాది గోదావరి జిల్లా. సొరకాయని మేం ఆనపకాయ అంటాం. మా ఆయనది చిత్తూరు. ఆయనకి సొరకాయ సొరకాయే. అనపకాయ అంటే సంక్రాంతి రోజుల్లో వచ్చే చిక్కుడు జాతి కాయ. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కి పొట్టు తీసి, పితికిపప్పు వండుతారు. విత్తనాల కవర్ల మీద పేర్లు తెలుగులో రాసిపెట్టింది ఆయనే. "ఆనప గింజలు నాలుగు డబ్బాల్లో పెట్టవే" అని నేను పదేళ్ల పిల్లకి పురమాయిస్తే, అది వెతికి వెతికి "అనప" అన్న కవరు తీసుకుంది.

"దీర్ఘం ఒక్కటే కదమ్మా తేడా? నాన్న స్పెల్లింగ్ మిస్టేక్ చేశారనుకున్నా."

ఆదివారం తెలుగు క్లాసులో రెండేళ్లుగా దీర్ఘాల గురించి చెప్పిందే చెబుతున్నారు. ఎప్పుడూ చెవికెక్కలేదు. ఆ రోజు మాత్రం కవరూ పుల్లా పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

మేముండేది న్యూజెర్సీ మధ్యభాగంలో. అపార్ట్‌మెంట్ నుంచి పెరడున్న ఇంట్లోకి మారిన ఏడాదే నాకు తోట పిచ్చి పట్టింది. నిజం చెప్పాలంటే కూరగాయల కోసం కాదు. గింజతో పాటు పిల్లల నోట తెలుగు కూడా మొలుస్తుందని ఒక ఆశ. మా ఆయన "తోటేస్తావా, బడి పెడతావా" అని నవ్వేవారు.

మొదటి ఏడు ఉగాది రోజున, శుభమా అని, అన్ని గింజలూ ఒకేసారి పెట్టేశాను. కిటికీ గూట్లో పెడితే చాలనుకున్నా. చాలలేదు. వెలుతురు కోసం మొలకలు దారప్పోగుల్లా సాగిపోయాయి. తడి ఎక్కువై నారుకుళ్లు పట్టింది. మట్టికి ఆనుకున్నచోట కాడ నల్లబడి, సాయంత్రానికల్లా ఒరిగిపోయేవి. అప్పటికి నాలుగేళ్లున్న మావాడు వాటి మీద చిన్న గుడ్డ కప్పి, "అమ్మా, మొక్కలు పడుకున్నాయి" అన్నాడు. మిగిలిన పదో పన్నెండో ఏప్రిల్‌లో కాస్త ఎండ కాయగానే తీసుకెళ్లి బయట నాటాను. వారం తిరక్కుండా ఒక రాత్రి మంచు కురిసింది. అంతే.

అమ్మకి ఫోన్‌లో చెబితే, "ఏ కార్తెలో వేశావే?" అంది. మా నాన్న బతికున్నన్నాళ్లూ పొలం పనికి ఆయన క్యాలెండర్ కార్తెలే. రోహిణికి రోళ్లు పగలాలి, మృగశిరకి చల్లబడాలి. ఆ లెక్క ఈ నేలకి పనికిరాదు. ఇక్కడివాళ్లకి ఉన్న కార్తె ఒక్కటే, మదర్స్ డే. మే నెల రెండో ఆదివారం. అప్పటికి మంచు భయం దాదాపు పోతుంది కాబట్టి వంగ, మిరప, టమాటా నారు ఆ తర్వాతే నేలలో పెడతారు. పంచాంగం తీసి చూస్తే కృత్తిక కార్తె వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే, మే 11 ప్రాంతంలో. "మాకిక్కడ కృత్తికలోనే నాట్లమ్మా" అని చెప్పాను. అమ్మకి తృప్తిగా అనిపించింది. నాకు కూడా.

రెండో ఏటి నుంచి మదర్స్ డే దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయడం పిల్లల పని. ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్లో పది వారాలు వెనక్కి వెళ్తే వంగ, మిరప. ఏడు వారాలకి టమాటా. మూడు, నాలుగు వారాలకి ఆనప, బీర. అంతకన్నా ముందు పెడితే తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, విడదీసేటప్పుడు తెగుతాయి. గోంగూర, తోటకూర, బెండ నేరుగా నేలలోనే, అదీ మే చివర్లో మట్టి బాగా వెచ్చబడ్డాక. బెండగింజలు ముందు రాత్రి నానబెట్టడం మావాడి డ్యూటీ. లైటు మొలకలకి రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉండాలి. రోజుకి 14 నుంచి 16 గంటలు వెలగాలి. మిరపగింజల కింద వేడి మ్యాట్ వేశాకే మాకు పది రోజుల్లో మొలకలు కనిపించాయి. అంతకుముందు మూడు వారాలైనా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. బయట నాటే ముందు ఓ వారం రోజులు నారుని ఎండకి అలవాటు చేయాలి, మొదటిరోజు గంట, రెండోరోజు రెండు గంటలు. ఒక ఏడాది నేను ఆఫీసు మీటింగ్‌లో పడి మర్చిపోతే ఆకులన్నీ తెల్లకాగితాల్లా మాడిపోయాయి.

విత్తనాల విషయంలో అమ్మకీ నాకూ ఒక చిన్న యుద్ధం. గింజలు పేడలో కలిపి గోడకి కొట్టి దాచే ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆవిడ. "పచ్చళ్ల పార్సిల్లో నాలుగు ఆనపగింజలు పడేస్తా" అంటుంది. ఇండియా నుంచి విత్తనం రావాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, ముందుగా తీసుకున్న పర్మిటో ఉండాలి. ఎవరైనా చేత్తో తెచ్చినా ఎయిర్‌పోర్టులో చెప్పి తీరాలి. "నాలుగు గింజలకి ఇంత రాద్ధాంతమా?" అని వారం మాట్లాడలేదు. మన కూరగాయల విత్తనాలు అమ్మేవాళ్లు ఇక్కడే ఉన్నారు. కొనుక్కుంటున్నాం. అయినా ఆ గోడ మీది గింజలు కావు కదా అని నాకూ లోపల ఉంది.

పిల్లలకి సగం మడి ఇచ్చేశాను. వాళ్లు చెర్రీ టమాటాలు, హాలోవీన్ గుమ్మడికాయలు వేసుకున్నారు. గోంగూర మడిలో కలుపు తీయమంటే ఇద్దరికీ హోంవర్క్ గుర్తొచ్చేది. మావాడు ఈ రోజుకీ గోంగూర పచ్చడి నోట పెట్టడు. బతిమాలడం మానేశాను.

తెలుగు వచ్చింది. నేననుకున్న దారిలో కాదు. ఆనప పువ్వు తెల్లగా సాయంత్రం పూట విచ్చుకుంటుంది. మా పెరట్లో ఆ వేళకి పురుగులు సరిగా రావు. రాత్రి ఎనిమిదికి పిల్లలిద్దరూ పెయింటింగ్ బ్రష్ పట్టుకుని, మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకి అద్దేవారు. కింద బుల్లి కాయ ఉన్నదే ఆడపువ్వు. ఆ బుల్లికాయ పేరు పిందె అని చెప్పాను. మర్నాడు మావాడు ఇంగ్లీషులో వాళ్ల ఫ్రెండ్‌తో ఏదో చెబుతూ మధ్యలో "టూ పిందెలు ఫెల్ ఆఫ్" అన్నాడు. ఆ పిల్లాడు అదేంటని అడిగితే, మావాడు కాసేపు ఆలోచించి, "ఇట్స్ జస్ట్ పిందె" అన్నాడు. పందిరి, పాదు, మొలక, నారు అన్నీ అలాగే చేరాయి, ఎవరూ నేర్పకుండా.

పక్కింటి పెద్దాయన ఇటాలియన్. ఆయన తాతలు సిసిలీ నుంచి వచ్చారట. జులైలో మా పందిరి చూసి కంచె దగ్గరకొచ్చి, "ఓ, గూగూట్స్!" అన్నారు. వాళ్ల కుకుజ్జా మన ఆనపకాయ జాతేనట. కాయ సన్నగా, పాములా పొడుగ్గా ఉంటుంది. లేత తీగ చివర్లూ ఆకులూ పాస్తాలో వేసి వండుకుంటారట. మా పిల్లలకి ఇది పెద్ద వార్త. అప్పటిదాకా స్కూల్లో ఎవరైనా అడిగితే "ఇండియన్ వెజిటబుల్" అని చెప్పి తప్పించుకునేవాళ్లు. ఇప్పుడు అమ్మాయి అమ్మమ్మకి ఫోన్‌లో, "అమ్మమ్మా, ఇవాళ గూగూట్స్ పప్పు" అంటుంది. అమ్మ "అదేం కూర?" అంటుంది. ప్రతిసారీ.

ఇక ఆ పొరపాటు అనప. పీకేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. నేను మళ్లీ ఆనప పెట్టుకున్నాను, ఆ నాలుగూ కంచె పక్కన నాటాం. జూన్, జులై, ఆగస్టు, తీగ కంచె దాటి షెడ్డు పైకెక్కింది. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. "చిత్తూరు పొగరు" అన్నాను. అసలు కారణం పగటి పొడవు. చిత్తూరులో ఏ కాలంలోనూ పగలు 13 గంటలు దాటదు. ఇక్కడ జూన్‌లో 15 గంటలు. పగలు తగ్గితే తప్ప ఆ రకానికి పూత పట్టదు. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే బ్యాగుతోనే కంచె దగ్గరికెళ్లి చూసొచ్చేవారు. సెప్టెంబర్ సగమయ్యాక ఊదారంగు పూత వచ్చింది. అక్టోబర్ మూడో వారానికి కాయల్లో గింజ పడుతుండగా ఫోన్లో మంచు హెచ్చరిక. ఆ రాత్రి నా పాత నేత చీరలు రెండు తీసి, నలుగురం టార్చి లైట్లు పట్టుకుని తీగ మీద కప్పాం. మర్నాడు పైభాగం నల్లగా వాలిపోయింది. చీరల కింద మాత్రం కాయలు దక్కాయి.

అన్నీ ఒలిస్తే చిన్న గిన్నెడు. పిల్లలు బల్ల దగ్గర కూర్చుని నానబెట్టిన గింజలు పితికారు. సగం గింజలు గది అంతా ఎగిరాయి. మనిషికి రెండు చెంచాల పితికిపప్పు వచ్చింది. మా ఆయన మాట్లాడకుండా తిన్నారు.

బాగా ముదిరిన రెండు కాయలు మా అమ్మాయి ముందే తీసి కిటికీలో ఎండబెట్టుకుంది. వాటిలోంచి ఏడు గింజలొచ్చాయి. కవర్లో వేసి, పైన "అనప" అని రాసి, కింద చిన్నగా "దీర్ఘం లేదు. ఇది నాన్నది" అని రాసిపెట్టింది.