భోజనాల వరండాలో గోల తగ్గించుకున్న తీరు: నా అనుభవం

మా ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనానికి ఉన్నది ఒక్క వరండా. చోటు చాలక ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని పావుగంట ముందే కూర్చోబెడతాం. ఆ వేళకి పక్క గదుల్లో పెద్ద తరగతులకు పాఠం నడుస్తూనే ఉంటుంది. చిక్కంతా ఆ పావుగంటతోనే.

గోల ఎక్కడ పుడుతోందో ముందు గమనించాను. తినేటప్పుడు పిల్లలు అరవరు. అన్నం కోసం లైన్లో నిలబడ్డప్పుడే అరుస్తారు, ఖాళీ కంచాలు వాయిస్తారు. పైన స్లాబు, కింద గచ్చు, చేతిలో స్టీలు కంచం. చప్పుణ్ణి పీల్చుకునేది ఏదీ లేదు. అందుకని లైను ఎత్తేశాం. బంతికి ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి, కంచాలు వడ్డించే ఆయమ్మల దగ్గరే ఉంచాం. కంచం వచ్చేసరికి అందులో అన్నం ఉంటుంది, వాయించడానికి వీలుండదు. రోజూ ఒకే కొస నుంచి వడ్డిస్తే రెండో కొసవాళ్లు ఆగలేరు, కాబట్టి రెండు కొసల నుంచీ మొదలుపెడతాం. బంతులు ఎదురెదురుగా వేస్తే అవతలివాళ్లతో మాట్లాడాలని గొంతు పెంచుతారు. అందరి ముఖాలూ ఒకవైపే ఉండాలి. సుద్దతో గీసిన గుర్తులు రెండు రోజులకే చెరిగిపోయాయి, పెయింటుతో గుండ్రాలు వేశాకే ఎవరి చోటు వాళ్లకి కుదిరింది.

"నోరు మూసుకోండి" అనడం మానేశాం. ఆరేళ్ల పిల్లల్ని పావుగంట మాట్లాడొద్దనడం న్యాయం కాదు. పక్కవాళ్లకి వినిపించే గొంతు ఎంతో చేసి చూపించాలి. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లోనే దీన్ని వివరించాడు. టీచరు కేకేస్తే గోల పెరిగేది ఇందుకే.

గొంతు తగ్గించమనడానికి మా గుర్తు చెయ్యి ఎత్తడం. మాట్లాడకుండా ఎత్తి నిలబడతాను, చూసినవాళ్లు వాళ్లూ ఎత్తుతారు. ఇది ఉదయం ప్రార్థన తర్వాత వారంపాటు ఆటలా అలవాటు చేశాం. ఆకలి మీదున్నప్పుడు నేర్పితే తలకెక్కదు. మారు వడ్డనకి పిడికిలి చూపిస్తే అన్నం, అరచెయ్యి చూపిస్తే పప్పు. గుడ్డు చివర్లో పెడితే అప్పటిదాకా అడుగుతూనే ఉంటారు, అన్నంతోపాటే వేసేయాలి.

ఇప్పటికీ కష్టం కుళాయిల దగ్గరే. ఉన్నవి నాలుగు. బంతంతా ఒక్కసారి లేస్తే తోపులాటే. ఎనిమిదేసి మందిని లేపుతాం: నలుగురు కడుగుతుంటే నలుగురు వెనక. కడిగిన కంచాలు ఇనప బల్ల మీద పడేస్తే మోత గదుల్లోకి వస్తుంది, ప్లాస్టిక్ బుట్టలో నిలువుగా పెట్టిస్తాం. బుట్ట నిండాక పైన పడేయడం మొదలెడతారు, అందుకే రెండో బుట్ట పక్కనే సిద్ధంగా ఉండాలి.