రెండు తాళాల గది

మా బ్యాంకు బ్రాంచిలో డబ్బు దాచే స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు. ఒక తాళంచెవి క్యాషియర్‌గా నా దగ్గర, రెండోది ఆఫీసర్ గారి దగ్గర ఉంటాయి. ఒక్కరి తాళంచెవితో ఆ తలుపు తెరుచుకోదు. పొద్దున్న ఇద్దరం కలిసి తియ్యాలి, సాయంత్రం ఇద్దరం కలిసి వెయ్యాలి. 2024 అక్టోబర్‌లో పదకొండు రోజులు మా మధ్య ఒక్క మాట లేకుండానే ఆ తలుపు తీశాం, వేశాం. ఆయన తాళంచెవి తిప్పేటప్పుడు నేను గోడ వైపు చూసేదాన్ని. నేను తిప్పేటప్పుడు ఆయన ఫోన్ చూసుకునేవారు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, కాస్త దూరం పోతే ఆంధ్రాలో పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుని పెరిగినవాళ్ళం. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒకరు ఒడియాలో అడుగుతారు, ఇంకొకరు తెలుగులో, కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు సవర భాషలో. ఆఫీసర్ గారు కటక్ వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. ఆయనా నేనూ మాట్లాడుకునేది ఒడియాలోనే.

ఆ ఏడాది సెప్టెంబర్ 17న ఒడిశా ప్రభుత్వ పథకం సుభద్ర యోజన మొదలైంది. ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా. 5,000 పడ్డాయా లేదా, ఆధార్ లింక్ అయిందా లేదా అని కాశీనగర్, గుమ్మ వైపుల నుంచి పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు కూర్చునేవాళ్ళు. అలాంటి ఒక రోజు సాయంత్రం నా క్యాష్ టాలీ కాలేదు. సరిగ్గా 5,000 తక్కువ. షార్టేజ్ వస్తే క్యాషియర్ జేబులోంచే కట్టాలి. చేతులు చల్లబడిపోయాయి. అప్పటికింకా హాల్లో పదిమంది దాకా ఉన్నారు. ఆఫీసర్ గారు వచ్చి, వాళ్ళందరికీ వినపడేలా, "లెక్క రానివాళ్ళని క్యాష్‌లో కూర్చోబెడితే ఇంతే" అని అరిచారు. ఆ పదిమందిలో నాకు నాలుగో తరగతి చెప్పిన టీచర్ గారు కూడా ఉన్నారు.

ఏడున్నరకి దొరికింది. సర్వర్ ఆగిపోయిన సమయంలో ఒక విత్‌డ్రాయల్ ఎంట్రీ పడలేదు. పడిందనుకుని డబ్బు ఇచ్చేశాను. ఆ ఫారం డ్రాయర్ అడుగున ఇరుక్కుని ఉంది. తప్పు నాదే. కానీ దొరికాక కూడా ఆయన ఒక్క మాట అనలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయారు. మాటలు ఆగిపోయింది ఆ రోజే.

ఇంటికి వెళ్ళి అమ్మతో "కోపంగా ఉందమ్మా" అన్నాను. అమ్మ నా ముఖం చూసి, "కోపం కాదే ఇది, నామోషీ" అంది. ఆ మాటతో ఏదో ముడి విప్పినట్టయింది. నిజమే. ఆయన మీద కోపం కన్నా, ఆ టీచర్ గారి ముందు తల వంచుకోవలసి వచ్చిందన్న బాధే ఎక్కువ.

అంతకు ముందు ఏడాది భువనేశ్వర్‌లో రెండు రోజుల ట్రైనింగ్‌లో ఇదే విన్నాను, అప్పుడు నోట్సు రాసుకుని మూసేశాను. ఆ రాత్రి మళ్ళీ తీశాను. భావోద్వేగ ప్రజ్ఞ గురించి 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రాశారట. అంటే తన మనసులోనూ ఎదుటివారి మనసులోనూ ఏముందో గమనించడం, ఒక భావాన్ని ఇంకో భావం నుంచి విడదీసి పోల్చుకోవడం, తెలిసిన దాన్ని ఆలోచనకీ పనికీ వాడుకోవడం. ఆ మధ్యదే అందరం వదిలేస్తాం. చిరాకు, ఉక్రోషం, రోషం, కినుక, నామోషీ, బెంగ అని మనకి ఇన్ని మాటలున్నాయి, ఆఫీసులో మాత్రం అన్నిటినీ కలిపి కోపం అనేస్తాం. ఆ నోట్సులోనే ఇంకోటి ఉంది. భావానికి మాటల్లో పేరు పెడితే మెదడులో భయానికీ కంగారుకీ స్పందించే అమిగ్డలా జోరు తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానర్‌తో చూపించిందని. మరునాటి నుంచి కౌంటర్లో కూర్చునే ముందు నా మనసులో ఉన్నదానికి పేరు పెట్టి డైరీలో ఒక్క మాట రాసుకోవడం మొదలుపెట్టాను.

తర్వాత ఆయన్ని గమనించాను. ఎప్పుడు అరుస్తున్నారో టైముతో సహా రాశాను. పొద్దున్న అసలు అరవరు. కస్టమర్లు ఎంత విసిగించినా ఓపికగా చెప్తారు. మూడున్నర నుంచి ఐదు మధ్యే, క్యాష్ క్లోజింగ్ దగ్గరే మారిపోతారు. మెషిన్ రెండుసార్లు లెక్కపెట్టిన కట్టని కాగితం పట్టీ విప్పి, తడి స్పాంజికి వేలు అద్దుకుంటూ మళ్ళీ చేత్తో లెక్కపెడతారు. ఎనభై దాటేసరికి వేలు వణికేది. వంద పూర్తయ్యాక కట్టని రెండు చేతుల మధ్యా ఒక్క క్షణం అదిమి పట్టుకునేవారు.

ఒక రోజు టీ ఇస్తూ అటెండర్ అన్న చెప్పాడు. చాలా ఏళ్ళ క్రితం వేరే బ్రాంచిలో పెద్ద షార్టేజ్ వచ్చిందట. ఎవరు చేశారో తేలలేదు, ఈయన జీతంలోంచి కట్టారు, ఎంక్వైరీ కూడా నడిచింది. అప్పుడర్థమైంది నాకు. నేను కోపం అనుకున్నది ఆయనలో భయం.

అది తెలియగానే అంతా సర్దుకుందని చెప్పను. మొదటిసారి నేను చేసిన ప్రయత్నం ఎదురు తిరిగింది. సాయంత్రం ఆయన గొంతు పెంచగానే, "సార్, మీరు టెన్షన్‌లో ఉన్నారు" అన్నాను, చాలా మెత్తగానే. "నాకా టెన్షన్? నీ పని నువ్వు చూసుకో" అని ఇంకా గట్టిగా అరిచారు. దాని గురించి చాలా ఆలోచించాను. ఎదుటివారి భయానికి వాళ్ళ ముఖం మీదే పేరు పెడితే బట్టలు లాగినట్టు ఉంటుంది. అది మన మనసులోనే ఉంచుకోవాలి. బయటికి చెప్పాల్సింది మన సంగతే. ఆ తర్వాత నుంచి, "సార్, నాకు కంగారుగా ఉంది, పది నిమిషాలివ్వండి, ఫారాలన్నీ చూసి చెప్తాను" అనేదాన్ని. పది నిమిషాలు ఇచ్చేవారు.

దానికన్నా ఎక్కువ పని చేసింది ఒక చిన్న చీటీ. రోజూ ఒకటిన్నరకి, ఆయన అడగకముందే, అప్పటి వరకూ చేతిలో ఉన్న నోట్లు ఐదొందలవి ఎన్ని, రెండొందలవి ఎన్ని, వందలు ఎన్ని అని రాసి సిస్టమ్ బ్యాలెన్స్‌తో సరిచూసి ఆయన టేబుల్ మీద పెట్టాను. తేడా ఉంటే సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే బయటపడుతుంది. మొదటి రోజు చీటీని పక్కకి తోసేశారు. వారం తిరిగేసరికి ఒకటిన్నర అవగానే నా కౌంటర్ వైపు చూసేవారు.

మాట కూడా చెప్పాలి కదా. చెప్పాను, కానీ హాల్లో కాదు, రికార్డు రూములో, ఇద్దరమే ఉన్నప్పుడు. "సార్, తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. అందరి ముందూ మాత్రం అరవకండి. ఈ ఊళ్ళో నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు ఆ క్యూలో ఉంటారు." చెప్తుంటే గొంతు పూడుకుపోయింది, అయినా పూర్తి చేశాను. ఆయన ఏమీ అనకుండా ఫైలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అర్థం చేసుకోవడమంటే అన్నీ మింగి ఊరుకోవడం కాదు. అసభ్యంగా మాట్లాడేవాళ్ళని, కావాలని హింసించేవాళ్ళని నేను అర్థం చేసుకుంటూ కూర్చోను. అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యడమే దారి. నా డైరీలో తేదీలు, టైములు రాసింది అవసరమైతే అందుకు కూడా పనికొస్తుందనే. ఈయన విషయంలో అవసరం రాలేదు.

2025 మార్చి 8న సుభద్ర రెండో విడత వచ్చింది. అది రెండో శనివారం, బ్యాంకు సెలవు. సోమవారం హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. సాయంత్రం టాలీ చేస్తే 200 తక్కువ. ఆయన లేచారు, "ఏంటిది, మళ్ళీ..." అని గొంతెత్తారు. ఇంకా క్యూ ఉంది. ఆయన చూపు దాని మీద పడింది. మాట మధ్యలోనే ఆపి, ఒక స్టూలు లాక్కుని కౌంటర్ లోపల నా పక్కన కూర్చున్నారు. "సగం కట్టలు ఇటివ్వండి మేడమ్" అన్నారు. నేనొకటి, ఆయనొకటి లెక్కపెట్టుకుంటూ పోయాం. వందల కట్టలో రెండు నోట్లు తక్కువ ఉన్నాయని తేలింది. అవి మెషిన్ కింద ఒకదానికొకటి అతుక్కుని పడి ఉన్నాయి. ఆయనే వంగి తీశారు.

అక్టోబర్ నాటి మాటకి ఆయన క్షమాపణ ఇప్పటికీ చెప్పలేదు. చెప్తే బాగుండేదని ఈ రోజుకీ అనిపిస్తుంది. ఆ సాయంత్రం ఆయన తాళం తిప్పి, నేను తిప్పేదాకా పక్కనే నిలబడ్డారు. "రేపు కూడా జనం ఉంటారు, చిల్లర ఎక్కువ తీసి పెట్టుకుందాం" అన్నారు. సరే సార్ అన్నాను.