పది మీటర్ల లోపు డైవింగ్‌కు ఎయిర్ హోస్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

పడవ అడుగున పట్టిన నాచు గీకడానికి పది మీటర్ల లోపు దిగితే చాలు. పైన గాలి పంపే కంప్రెసర్, నోట్లో ఆ గాలిని పీల్చుకునే రెగ్యులేటర్, మధ్యలో హోస్. కంప్రెసర్‌కు నెలల తరబడి బేరాలాడేవాళ్లు హోస్ మాత్రం దొరికింది కొనేస్తారు. నేను హోస్‌తోనే మొదలుపెట్టాను.

హార్డ్‌వేర్ షాపులో అడిగితే టైర్లకు గాలి పట్టే రబ్బరు పైపు ఇస్తారు. ప్రెషర్‌కు ఆగుతుంది గానీ, దాని లోపలి పొర మనిషి పీల్చే గాలి కోసం చేసింది కాదు. తోటలో వాడే పీవీసీ పైపు ఎండకు మెత్తబడి మడత పడుతుంది, దాని వాసన గాలిలో కలుస్తుంది. వాడేసిన హైడ్రాలిక్ పైపు జోలికే పోలేదు; లోపలి నూనె కడిగితే పోయేది కాదు. పీల్చే గాలికి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చి, వర్కింగ్ ప్రెషర్ (మామూలు వాడకంలో ఆగే ప్రెషర్) పైపు మీదే అచ్చువేసిన రకమే చూశాను.

అమెరికాలో వాణిజ్య డైవింగ్‌కు అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన లెక్కనే పట్టుకున్నాను: పగిలే ప్రెషర్ వర్కింగ్ ప్రెషర్‌కు కనీసం 4 రెట్లు, ఏటా 1.5 రెట్ల దగ్గర పరీక్ష. వర్కింగ్ ప్రెషర్ 8 బార్ ఉన్న హోస్ అయితే పగిలేది 32 బార్ దగ్గర, పరీక్ష 12 బార్ దగ్గర అన్నమాట. పరీక్ష నీళ్లతోనే చేయాలి. గాలితో చేస్తూ పైపు పగిలితే దాని కొస కొరడాలా కొడుతుంది.

లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు తీసుకున్నాను. కష్టపడి పనిచేసే మనిషికి నిమిషానికి 40 లీటర్ల గాలి కావాలనుకుంటే, 10 మీటర్ల లోతులో ప్రెషర్ పైకంటే రెట్టింపు కాబట్టి పైనుంచి 80 లీటర్లు పంపాలి. సన్నటి పైపు పొడవైతే కంప్రెసర్ గేజ్ బాగానే చూపిస్తుంది, కింద మాత్రం ఊపిరి అందదు. అందుకే గేజ్‌ను డైవర్ కొసన పెట్టి, రెగ్యులేటర్‌లో గాలిని ధారగా వదిలే పర్జ్ బటన్ నొక్కి ఉంచి చదవాలి. గాలి కదలనప్పటి రీడింగ్ ఎందుకూ కొరగాదు.

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది. అక్కడే మెత్తటి హోస్ బిగిస్తే ఫిట్టింగ్ మీంచి జారిపోతుంది. గాలి నిలవ ఉండే ట్యాంకు దాకా వేడికి ఆగే పైపు, ఆ తర్వాతే డైవింగ్ హోస్. కొసలకు స్క్రూ క్లిప్పులు కాకుండా మెషీన్‌తో నొక్కిన ఫెరూల్స్ (లోహపు తొడుగులు), ఇత్తడి ఫిట్టింగ్‌లు వేయించాను. హోస్ లాగుడు పళ్ల మీద కాక నడుము బెల్టు మీద పడాలి.

అన్నిటికంటే ముఖ్యం డైవర్ కొసన నాన్-రిటర్న్ వాల్వ్, అంటే గాలిని ఒకవైపే పోనిచ్చేది. పైన హోస్ తెగితే, నీటి కింద ఉండే ఎక్కువ ప్రెషర్ వల్ల గాలి వెనక్కి పైకి పోతుంది. వాల్వ్ లేకపోతే ఆ లాగుడు ఊపిరితిత్తులకే తగులుతుంది. దిగే ముందు దాన్ని విప్పి వెనక నుంచి నోటితో ఊదుతాను, ఏమాత్రం గాలి పోయినా మార్చేస్తాను. పైనుంచి గాలి ఆగితే వాడుకోవడానికి ఒంటికి చిన్న సిలిండరు ఎలాగూ ఉండాలి.

కొత్త హోస్‌ను గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, నూనె లేని గాలితో ఆరబెట్టి, కొసలు మూసి ఒకరోజు ఎండలో ఉంచి వాసన చూశాను. అప్పటికీ ఘాటు ఉంటే వాపసే. కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, దానికి వాసన లేదు. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం ఇంజిన్ పొగకు దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి. పీల్చే గాలిలో ఈ వాయువుకు ఓషా పరిమితి 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు).

పని అయ్యాక కొసలకు మూతలు తప్పనిసరి. మన దగ్గర పైపు తెరిచి వదిలేస్తే పురుగులు లోపల మట్టి గూళ్లు కట్టేస్తాయి.