పేరు బాగుండదట!

రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే టిఫిన్ డబ్బాలు కట్టాలి. అయినా ఈ కోపం దిగితే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

మా వరండా బ్యాచ్ అంటే మా ఆయన, మరిది, వాళ్ల ఫుట్‌బాల్ దోస్తులు. ఇవాళ వాళ్ల జట్టు సెమీఫైనల్ గెలిచింది కాబట్టి గొంతులు మామూలు కంటే పెద్దవి. పంచాయితీ అంతా జట్టులో లెఫ్ట్ వింగ్ (ఎడమ పక్క) ఆడే పోరడికి ఏం బిరుదు పెట్టాలని. ఫైనల్‌కు చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారట, దాని మీద బిరుదు లేకపోతే ఎట్లా అని.

మా ఆయన "కాజీపేట మెస్సీ" అంటాడు. ఎడమ కాలు కదా, ఇంకేం కావాలని ఆయన మాట. మరిది ఒప్పుకోడు. "వాని ఉరుకుడు చూసినవా అన్నా? ఎంబాపే అని పెట్టాలె." మా చిన్నోడికి వీళ్లిద్దరూ పాతబడిపోయారు. 2024 యూరో కప్పు సెమీస్‌లో పదహారేళ్లకే గోల్ కొట్టిన యమాల్ పేరే పెట్టాలని వాడి పట్టు. రెండు సార్లు చాయ్ అయింది, పంచాయితీ తెగలేదు.

అప్పుడు ఒకాయన (ఎవరో రాయను, ఆయన భార్య ఇది చదువుతుంది) అన్న మాట వినండి. "అసలు పేరే రాద్దామంటే వాని పేరు ఫ్లెక్సీ మీద బాగుండది బై. తండా పేరు, ఎవలకు నోరు తిరుగుతది?"

ఆ పిల్లగాడు అక్కడే ఉన్నాడు. మెట్ల మీద కూర్చుని మిర్చి బజ్జీ తింటున్నాడు. మహబూబాబాద్ దిక్కు తండా వాళ్లది, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. తల ఎత్తలేదు. వినలేదనుకుంటే నా మనసుకు తేలికే గానీ, విన్నాడు.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఆ పేరుతోనే ఇండియా జెర్సీ వేసుకుంది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో ఆడింది. జాగ్రెబ్ వాళ్లకు తిరిగిన నోరు కాజీపేట వాళ్లకు తిరగదా? ఈ మాట అక్కడే అడిగాను. "నీకు తెల్వదు, ఫ్లెక్సీ అంటే వేరే ఉంటది" అని మా ఆయన చేత్తో పొమ్మన్నట్టు అన్నాడు. అది కూడా మనసులో ఉంది.

ఇంకో బాధ. మెస్సీ, ఎంబాపే, యమాల్ అంటూ అర్జెంటీనా, ఫ్రాన్సు, స్పెయిన్ అన్నీ తిరిగొచ్చారు, ఒక్కరి నోటా తులసీదాస్ బలరాం పేరు రాలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినాయన. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం జట్టులోనూ ఉన్నాడు. రెండింటికీ కోచ్ మన హైదరాబాద్ రహీం సాబే. బలరాం 2023లో పోతే ఈ వరండాలో ఆ ఊసే లేదు. కానీ ఆగండి, ఈ పిల్లగాడికి బలరాం పేరు పెట్టమని కూడా నేను అనను. పెద్దోళ్ల పేరు తగిలిస్తే తప్పిన ప్రతి గోలుకూ ఆ పెద్దోళ్లతో లెక్క చూస్తారు. అమెరికాలో ఫ్రెడ్డీ అడూ అనే ఆటగాణ్ణి పద్నాలుగేళ్లకే కొత్త పీలే అన్నారు. ఆ తర్వాత ఎన్ని క్లబ్బులు మారినా ఆ మాట అతన్ని వదల్లేదు.

అసలు ముద్దుపేర్లే వద్దని రాద్దామని మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చేసరికి కాక యాదికొచ్చాడు.

మా కాక రైల్వే గ్రౌండ్‌లో గోల్‌కీపర్. బక్క మనిషి, పొడుగు చేతులు. బంతి చేతికి అందితే బల్లి గోడను పట్టుకున్నట్టే, ఇక వదిలేది లేదు. అందుకే అందరూ "బల్లి" అనేవాళ్లు. నాయనమ్మకు ఆ పేరు వింటే ఒళ్లు మండేది. సాయంత్రం పోరగాళ్లు గేటు దగ్గర నిలబడి "బల్లీ, రారా!" అని కేకేస్తే చీపురు పట్టుకుని వెంటబడేది. "నా కొడుకుకు దేవుని పేరు పెట్టుకున్న, మీరు పురుగు పేరు పెడతార్రా!" అని వీధంతా వినేట్టు తిట్టేది. కాక మాత్రం వెనక గోడ దూకి గ్రౌండ్‌కు పోయేవాడు. లోకోషెడ్‌లో ఉద్యోగం వచ్చాక కూడా అదే పేరు. పెళ్లిలో దోస్తులు బహుమతి పొట్లం మీద అదే రాసి తెచ్చారు, పిన్ని వాళ్ల వైపు వాళ్లు బిత్తరపోయారు.

కాక పోయినప్పుడు కర్మ రోజు డోర్నకల్ నుంచి, బెల్లంపల్లి నుంచి పాత ఆటగాళ్లు వచ్చారు. అందరూ తెల్లజుట్టు వాళ్లే. గేటు దగ్గర ఫొటో కింద కాక అసలు పేరు చూసి అక్కడే ఆగిపోయారు. తప్పు ఇంటికొచ్చామేమో అనుకున్నారు. నన్ను చూసి ఒకాయన మెల్లగా "బిడ్డా, బల్లి ఇల్లు ఇదేనా?" అన్నాడు. నేను అవునన్నాను, ఆయన ఏడ్చాడు. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే ఏమనేదో!

కాబట్టి ముద్దుపేర్ల మీద నా కోపం నిలబడలేదు. పీలేకు కూడా చిన్నప్పుడు ఆ పేరంటే పడేది కాదట, బడిలో అట్లా పిలిచినవాణ్ణి కొట్టాడట. కానీ కాకకు ఆ పేరు పెట్టింది ఆయనతో కలిసి మట్టిలో పడి లేచినవాళ్లు. వరండాలో చాయ్ తాగుతూ పెట్టింది కాదు. అసలు పేరు బాగుండదని పెట్టింది అంతకన్నా కాదు.

పోయేటప్పుడు ఆ పిల్లగాడికి మంచినీళ్లిస్తూ అడిగాను, నీకేం పేరు కావాలి బిడ్డా అని. "హాస్టల్ల ఆల్రెడీ ఒకటున్నది ఆంటీ" అని సిగ్గుపడ్డాడు. ఏమిటంటే చెప్పలేదు. ఇవాళ ఇద్దరిని తప్పించి ఎడమ కాలితో కొట్టిన గోల్ గురించి అడిగితే మాత్రం ముఖం వెలిగిపోయింది, నా చెప్పులే డిఫెండర్లుగా పెట్టి చూపించాడు.

ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇచ్చేశారట, మ్యాటర్ రేపు మధ్యాహ్నంలోగా పంపాలట. పంపేది మా ఆయన ఫోన్ నుంచే. ఇంటి పేరుతో సహా వాడి పూర్తి పేరు పెద్దక్షరాలతో టైప్ చేసి పెట్టాను. పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు ఆయన ముందే పంపుతాను.