లైగేజ్ లేకపోతే ఏమవుతుంది? ఎంఎస్సీ ప్రవేశ పరీక్షకు నేను చదివిన తీరు

ఎంఎస్సీ బయోటెక్నాలజీ సీటు కోసం సీపీగెట్ (తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది రాస్తున్నాను. మొదటిసారి రాసినప్పుడు నాకు కాకతీయ విశ్వవిద్యాలయంలో సీటు రాలేదు. రెండోసారి వచ్చింది. ఆ రెండింటి మధ్య నేను చదివిన గంటలు పెద్దగా పెరగలేదు, చదివిన పద్ధతే మారింది. సిలబస్ మొత్తం గురించి కాకుండా, నన్ను బాగా ఏడిపించిన రెండు అధ్యాయాల గురించి మాత్రం చెబుతాను: డీఎన్ఏ ప్రతికృతి (డీఎన్ఏ తన నకలు తయారుచేసుకోవడం), కణ సంకేతాలు (బయటి కబురు కణం లోపలికి చేరే తీరు).

మాది పరకాల దగ్గరి ఊరు. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం. పోచ (డీఎన్ఏలోని ఒక్కో గొలుసు), ద్వికుండలి (రెండు పోచల మెలిక), గ్రాహకం (కబురు అందుకునే ప్రోటీన్) అని చదువుకున్నవన్నీ డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పేర్లతో ఎదురయ్యాయి. భయంతో పేర్లన్నీ వరసగా బట్టీ పట్టాను. హెలికేజ్ పోచలను విడదీస్తుంది, ప్రైమేజ్ కొత్త పోచను మొదలుపెడుతుంది, లైగేజ్ ముక్కలను అతికిస్తుంది. ఒక్క ఎంజైమ్ గురించి అడిగితే చెప్పగలిగేదాన్ని. రెండింటిని కలిపి అడిగితే నోట మాట వచ్చేది కాదు.

నయీంనగర్‌లో మేం నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. అందులో ఒక అక్క అప్పటికే ఎంఎస్సీ చదువుతోంది. ఒక రాత్రి నా నోట్సు చూసి, "సరే, లైగేజ్ లేదనుకో. ఏమవుతుంది?" అని అడిగింది. "ప్రతికృతి ఆగిపోతుంది అక్కా" అన్నాను. "ఎక్కడ ఆగుతుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె లేచి కుట్టుమిషను పెట్టెలోంచి ఎర్ర దారపు రీలు, తెల్ల దారపు రీలు తెచ్చింది. చాప మీద రెండు ఎర్ర దారాలు పక్కపక్కన పరిచింది, అవి పాత పోచలు. నాలుగు చిన్న కాగితం ముక్కల మీద పోచ రెండు కొసల పేర్లు 5, 3 అని రాసి, ఒక దారం తల దగ్గర 5 ఉంటే రెండో దారం తల దగ్గర 3 ఉండేలా పెట్టింది. ఒక కొస నుంచి విడదీస్తూ, "ఇప్పుడు తెల్ల దారం నువ్వు పరుచు. కొత్త దారం 5 నుంచి 3 వైపే పెరగాలి, ఇంకే నియమమూ లేదు" అంది. ఒక పక్క దారం విప్పుకుంటూ పోయాను, ఇబ్బంది లేదు. రెండో పక్క ఎంత ప్రయత్నించినా దారాన్ని కత్తిరించకుండా పరచలేకపోయాను. చీలిక దగ్గర మొదలుపెట్టి వెనక్కి పరుస్తాను, ఈలోగా చీలిక ఇంకాస్త ముందుకు జరుగుతుంది, మళ్లీ కొత్త ముక్కతో మొదలుపెట్టాలి. అలా ఆరు ముక్కలయ్యాయి. ఒకజాకి ఖండితాలు అని ఎన్నో సార్లు రాసిన మాట ఆ రాత్రి నా వేళ్లకు అర్థమైంది. లైగేజ్ లేకపోతే ఏమవుతుందో కూడా చాప మీదే కనిపించింది: ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి. 1968లో రెయిజి ఒకజాకి, సునెకో ఒకజాకి దంపతుల బృందం చూసిందీ అదే. లైగేజ్ సరిగా పనిచేయనప్పుడు చిన్న ముక్కలు పేరుకుపోయాయి. బాక్టీరియాలో ఆ ముక్కల పొడవు సుమారు 1000 నుంచి 2000 న్యూక్లియోటైడ్లు (పోచలో గుచ్చిన ఒక్కో పూస లాంటివి), మన కణాల్లో 100 నుంచి 200.

మా అమ్మ నాటు కూలీకి వెళ్తుంది. ఇది నాకు పొలం బొమ్మలో ఇంకా బాగా నిలిచింది. ట్రాక్టరు పొలం కలియదున్నుతూ ముందుకు పోతోంది. ఒక సాలులో నాటు ట్రాక్టరు వెనకే ఆగకుండా సాగుతుంది. రెండో సాలులో నాటు ట్రాక్టరుకు ఎదురు దిశలోనే సాగాలి. అంటే ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టి, పాత నాటు తగిలేదాకా వేసి, మళ్లీ ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇదే వెనకబడిన పోచ.

కొత్త పోచను పేర్చే ఎంజైమ్ పాలిమరేజ్ రెండో దిశలో ఎందుకు పనిచేయదని నేను చాలాకాలం అడగలేదు. నియమం కాబట్టి రాసేశాను. అడిగిన రోజు అధ్యాయమంతా తేలికైంది. గొలుసు పెరగడానికి కావలసిన శక్తి కొత్తగా వచ్చే న్యూక్లియోటైడే తన మూడు ఫాస్ఫేట్లలో మోసుకొస్తుంది. పొరపాటున తప్పు అక్షరం చేరితే ఎంజైమ్ వెనక్కి తిరిగి దాన్ని కోసేస్తుంది. తరువాతి న్యూక్లియోటైడ్ తన శక్తి తానే తెచ్చుకుంటుంది కాబట్టి పని సాగిపోతుంది. అదే గొలుసు 5 కొస వైపు పెరిగేదైతే శక్తి ఆ కొసలోనే ఉండాలి, తప్పును కోయగానే శక్తీ పోతుంది, గొలుసు అక్కడే నిలిచిపోతుంది. తప్పు దిద్దుకునే వీలు కోసం కణం ముక్కల పని భరిస్తోందని తెలిశాక నాకు ఆ ఎంజైమ్ మీద గౌరవం కలిగింది.

అవే దారాలతో మెసెల్సన్, స్టాల్ 1958లో చేసిన ప్రయోగమూ వేసి చూడండి. ఎరుపును బరువైన నైట్రోజన్ 15 అనుకోండి, తెలుపును మామూలు నైట్రోజన్ 14 అనుకోండి. ఒక తరం తరువాత అన్నీ ఎరుపు, తెలుపు జంటలే. రెండో తరంలో సగం ఎరుపు, తెలుపు జంటలు, సగం పూర్తిగా తెల్లవి. మూడు, నాలుగో తరాల నిష్పత్తి అడిగినా సూత్రం అక్కర్లేదు, దారాలు లెక్కపెడితే చాలు.

ఒక హెచ్చరిక. నేను కొన్న ఒక గైడులో ఈ.కోలై అనే బాక్టీరియా ప్రతికృతిలో ప్రధాన ఎంజైమ్ పాలిమరేజ్ 1 అని అచ్చయింది. ఒక ఏడాది దాన్నే నమ్మాను. కోర్న్‌బర్గ్ మొదట కనుగొన్నది అదే కాబట్టి చాలామంది పొరబడతారు. 1969లో డి లూసియా, కెయిర్న్స్ ఆ ఎంజైమ్ దాదాపు లేని బాక్టీరియాను వేరు చేశారు. అది మామూలుగానే పెరిగింది, అతినీలలోహిత కిరణాలకు మాత్రం తట్టుకోలేకపోయింది. అంటే ప్రధానమైన పని పాలిమరేజ్ 3ది. ప్రైమేజ్ మొదట్లో వేసిన చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను (ప్రైమర్లను) తీసి ఆ ఖాళీలు నింపడం, మరమ్మతులు చేయడం పాలిమరేజ్ 1 పని. శాస్త్రవేత్తలు కూడా ఒకదాన్ని తీసేసి చూసే తెలుసుకున్నారని గమనించాక, ప్రతి పేరు పక్కన "ఇది లేకపోతే?" అని రాసుకోవడం మొదలుపెట్టాను.

కణ సంకేతాలకు నా దారి వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మొదలైంది. చిన్నప్పుడు నాన్న మిర్చి బస్తాలతో వెళ్తుంటే వెంట వెళ్లేదాన్ని. గేటు దాటగానే కళ్లలో నీళ్లు, ఆగని తుమ్ములు. మిరపలోని క్యాప్సైసిన్ నాడీకణాల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి అంటుకుంటుంది. ఆ గ్రాహకమే ఒక ద్వారం. అది తెరుచుకోగానే కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేదీ ఇదే ద్వారం. దీన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు. మన భాష ఈ సంగతి ముందే పట్టుకుంది: నిప్పుకూ మంటే, మిరపకూ మంటే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిర్చిలో రంగు ఎక్కువ, కారం తక్కువ. క్యాప్సైసిన్ తక్కువైతే తెరుచుకునే ద్వారాలూ తక్కువే. అయాన్ ద్వార గ్రాహకం గురించి ఆ తరువాత నేను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

జి ప్రోటీన్ అనే మధ్యవర్తి ద్వారా కబురు పంపే గ్రాహకాలకు అడ్రినలిన్ హార్మోన్ ఒక్కటి పూర్తిగా చదవండి, చాలు. అడ్రినలిన్ కాలేయ కణం లోపలికి రాదు, గుమ్మం దగ్గరే కబురు చెప్పి పోతుంది. జి ప్రోటీన్ జీడీపీ అనే చిన్న అణువును వదిలి జీటీపీని పట్టుకుంటుంది, అడెనిలైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ మేల్కొంటుంది, ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ పుడుతుంది, అది ప్రోటీన్ కైనేజ్ ఎ అనే ఎంజైమ్‌ను విడిపిస్తుంది, చివరికి గ్లైకోజెన్ విరిగి గ్లూకోజ్ వస్తుంది. కణం లోపల కబురు మోసే ఈ రెండో దూతను, అంటే సైక్లిక్ ఏఎంపీని, కనుగొన్న సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. ప్రతి మెట్టులోనూ సంకేతం పెరుగుతుందని గుడ్డిగా రాయకండి. ఒక కైనేజ్ ఎను విడిపించడానికి నాలుగు సైక్లిక్ ఏఎంపీలు కావాలి, ఆ ఒక్క మెట్టులో పెరుగుదల లేదు.

ఇక్కడా "లేకపోతే?" అని అడగాలి. పని అయ్యాక జి ప్రోటీన్ జీటీపీని విరగ్గొట్టి ఆగిపోవాలి. అలా విరగ్గొట్టలేకపోతే? దానికి జవాబు కలరా. కలరా క్రిమి వదిలే విషం జి ప్రోటీన్‌ను జీటీపీతోనే బిగించేస్తుంది. పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే ఉంటుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, దాని వెంట నీళ్లు పోతాయి. అయితే గ్లూకోజ్‌ను, సోడియంను కలిపి లోపలికి తీసుకునే వాహకాన్ని ఆ విషం తాకదు. ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. విరేచనాలైతే మా నానమ్మ ఉప్పు వేసిన గంజి తాగించేది. గంజిలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి అదే వాహకాన్ని చేరుతుందని చదివిన రోజు ఇంటికి ఫోన్ చేసి ఆమెకు చెప్పాను.

రెండు అధ్యాయాలనూ కలిపే మన మనిషి ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించారు. సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది దాని నుంచే. తరువాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ మందు ఫోలేట్ అనే విటమిన్ పనిచేసే దారిని అడ్డుకుంటుంది. థైమిన్ న్యూక్లియోటైడ్లు అందక ప్రతికృతి ఆగుతుంది. ఒక్క పేరు పట్టుకుంటే రెండు అధ్యాయాలు గుర్తుకొస్తాయి.

సమయం గురించి రెండే మాటలు. వంద ప్రశ్నలకు గంటన్నర, ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా పూర్తిగా ఉండదు. అందుకే ఆలోచించడం ఇంటి దగ్గరే అయిపోవాలి. చివరి పది రోజులు నేను కొత్తది ఏదీ తెరవలేదు, "లేకపోతే?" నోట్సు మాత్రమే తిప్పాను.

ఈ రెండింటికీ జవాబు వెతకండి, మొదటిదానికి దారాలు తెచ్చుకోండి. చీలిక సగం దూరం వచ్చాక ప్రైమేజ్‌ను తీసేస్తే ఏ పోచ సాగుతుంది, ఏది ఎక్కడ ఆగుతుంది? సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను ఆపేస్తే, అడ్రినలిన్ తగ్గిపోయిన తరువాత కాలేయ కణం ఏం చేస్తుంది?