పొదుపరి మూత్రపిండాలు

నిన్న గుణుపురం నుంచి పర్లాకిమిడికి బస్సులో వచ్చాను. దారిలో ఇబ్బందని పొద్దున్నుంచి నీళ్లు ముట్టలేదు. పక్క సీటులోని ఒడియా అవ్వ "పాణి" అంటూ సీసా చాపినా వద్దన్నాను. మొండితనం! ఇల్లు చేరేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. మూత్రం చిక్కటి పసుపు రంగులో నాలుగు చుక్కలు.

"ఒంట్లో నీటిని ఆపే హార్మోను, నీ ఏడీహెచ్, బాగా పనిచేస్తోంది పిన్నీ" అని నవ్వింది, నర్సింగ్ చదివే అక్క కూతురు. రక్తం చిక్కబడితే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పసిగడుతుందట. దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలిన ఆ హార్మోను మూత్రపిండాల సేకరణ నాళాల గోడల్లో ఆక్వాపోరిన్లనే నీటి ద్వారాలను అమరుస్తుందట. నీరు వెనక్కి, రక్తంలోకి. రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, బయటికి పంపేది లీటరున్నరే! నీళ్ల బిందె దగ్గర మా అత్తగారు కూడా ఇంత పొదుపు చూపరు.

రెండు గ్లాసుల పలుచటి మజ్జిగ తాగాను. సాయంత్రానికి రంగు తేలిపోయింది.